ఏడాదిగా బొగ్గుతోనే గీస్తున్నాను, రంగు ముట్టుకునేది ఎప్పుడు?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలు ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి చాలా వివరంగా ఉత్తరం రాశారు. వయసు 28. సొంత ఊరు రాజమహేంద్రవరం. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, దాచుకున్న సొమ్ముతో నిరుడు అక్కడి ఒక అటెలియేలో మూడేళ్ల శిక్షణకు చేరారు. అటెలియే అంటే పాత పద్ధతిలో, గురువు పర్యవేక్షణలో, నూనె రంగుల చిత్రకళ నేర్పే స్టూడియో. ఏడాది గడిచింది. ఈ ఏడాదిలో ఆమె చేతిలో మిగిలినవి అచ్చువేసిన నమూనా చిత్రాలను చూసి గీసిన రెండు నకళ్లు, ఒక ప్లాస్టర్ పాదం, ఒక ప్లాస్టర్ ముఖం. అన్నీ పెన్సిలు, బొగ్గు పనులే. ముఖం ఒక్కదానికే 11 వారాలు పట్టింది. వారానికి రెండుసార్లు వచ్చి చూసే ఉపాధ్యాయుడు చివరి వారంలో కూడా గడ్డం కింది నీడను నూలుపోగంత పక్కకు జరిపించారట. ఇంకొక ప్లాస్టర్ బొమ్మ పూర్తయ్యాకే నూనె రంగులు అని చెప్పారు.

దాచుకున్న డబ్బు మొదటి ఏడాదితో అయిపోయింది. రెండో ఏడాది ఫీజు కోసం అన్నయ్య పర్సనల్ లోన్ తీసుకున్నారు. ఆ ఫీజులో ఒక వాయిదా కట్టారు, రెండోది జనవరిలో కట్టాలి. వదిన ఇప్పుడు ఏడో నెల గర్భిణి. ఇటీవల వీడియో కాల్‌లో ఆమె "ఇప్పటికి ఎన్ని బొమ్మలు వేశావు?" అని అడిగితే నాలుగని చెప్పడానికి నోరు రాలేదట. అమ్మగారు బంధువుల దగ్గర "మా అమ్మాయి ఇటలీలో ఎమ్మెస్ చేస్తోంది" అని చెప్పుకుంటున్నారు. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివిన స్నేహితురాలు "కెమెరా చేసే పనికి మూడేళ్లెందుకు, తెల్లవాళ్లే వదిలేసిన విద్య నీకెందుకు?" అంటోంది. పక్క ఈజిల్ దగ్గర గీసే తోటి విద్యార్థి ఒకరు సొంతంగా వేసుకుంటానని మధ్యలోనే మానేసి వెళ్లిపోయారు. కళ్లు మూసుకుని ఏదైనా ఊహించి గీద్దామంటే ఇప్పుడు చెయ్యి కదలడం లేదని, అది మరీ భయపెడుతోందని కూడా రాశారు. చివరికి ఆమె అడిగింది ఇది: "నాకు ఓపిక లేదా, లేక ఈ పద్ధతే నాకు పనికిరాదా? ఉండమంటారా, వచ్చెయ్యమంటారా?"

సమాధానం:

మీ ఉత్తరంలో ప్లాస్టర్ ముఖం మీద వెలుగు నీడగా మారే అంచు గురించి పేజీన్నర ఉంది. మీరు ఏం వేయాలనుకుంటున్నారన్నది మాత్రం ఒకే ఒక్క వాక్యంలో ఉంది: "కార్తీకమాసంలో తెల్లవారుజామున కోటిలింగాల రేవులో దీపాలు వదిలే ఆడవాళ్లను పెద్ద కాన్వాస్ మీద వెయ్యాలని నా కోరిక." ఆ వాక్యం నుంచే మొదలుపెడతాను. ఉండాలా రావాలా అన్న మీ ప్రశ్నకు జవాబు మీ ఓపికను కొలిస్తే దొరకదు. ఆ రేవు చిత్రం వేయడానికి ఏమేం తెలియాలి, అందులో మీ పాఠశాల ఏది ఇస్తుంది, ఏది ఇవ్వదు అని విడదీస్తే చాలావరకు దొరుకుతుంది.

ముందు ఈ ఏడాది సంగతి. సంగీతంలో సరళీ వరుసలతో పోల్చి మీకు సర్దిచెప్పడం సులువు, మీకు ఇప్పటికే ఎవరో ఒకరు అలా చెప్పే ఉంటారు. ఆ పోలిక నాకు అంతగా నచ్చదు. సరళీ వరుసలు పాడే పిల్ల మొదటి రోజు నుంచీ తన గొంతుతోనే పాడుతుంది, ఏడాది తిరిగేసరికి గీతాలకు చేరుతుంది. మీరు మాత్రం ఏడాదిపాటు అసలు వాద్యాన్ని ముట్టుకోలేదు. కాబట్టి మీ అసహనాన్ని ఓపికలేనితనం అని కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే ఏడాది వృథా అయిందన్న మాట కూడా నిజం కాదు.

మీరు రోజూ చేసేదే ఒకసారి బయటినుంచి చూడండి. ఈజిల్‌ను ప్లాస్టర్ బొమ్మ పక్కనే నిలబెడతారు. నేల మీద టేపు అంటించిన చోటికి వెనక్కి నడిచి నిలబడితే బొమ్మ, కాగితం రెండూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. దారానికి బరువు కట్టి నిలువు సరిచూస్తారు, చేతి అద్దంలో తిరగేసి చూస్తారు, తప్పు ఎక్కడుందో అక్కడే నిలబడి నిర్ణయించుకుంటారు, ముందుకు నడిచి ఒక్క గీత దిద్దుతారు, మళ్లీ వెనక్కి వస్తారు. సైట్‌సైజ్ అని మీ దగ్గర పిలిచే ఈ పద్ధతి గీత గీయడం కంటే చూడడాన్నే ఎక్కువగా నేర్పుతుంది. ఉత్తరపు కిటికీలోంచి వచ్చే మారని వెలుగులో, రంగులేని తెల్లటి వస్తువు మీద, ఏ మచ్చ ఎంత నలుపు, దాని పక్కది ఎంత తక్కువ నలుపు అని నెలల తరబడి తూచిన కన్ను తరువాత ఎర్రచీరలోనూ పసుపు పూసిన పాదంలోనూ అదే తూకం వేయగలుగుతుంది. నూనె రంగుల్లో మొదటిసారి దిగినవారు చాలామంది రంగు కలపడం కష్టమనుకుంటారు. అసలు తప్పు ఆ రంగు ఎంత ముదురుగా, ఎంత లేతగా ఉండాలన్న దగ్గర జరుగుతుంది. గడ్డం కింది నీడ నూలుపోగంత జరగగానే ముఖం మొత్తం ఎలా కుదురుకుందో మీరే రాశారు. ఆ మార్పును చూడగలిగిన కన్ను నిరుడు మీకు లేదు.

ఇక ఈ పద్ధతి ఇవ్వనిది. సైట్‌సైజ్‌కు కదలని వస్తువు, మారని వెలుగు, చూసేవారు నిలబడే ఒకే చోటు కావాలి. మీ రేవులో ఈ మూడూ లేవు. ఆడవాళ్లు వంగుతారు, లేస్తారు, నీళ్లలో దీపం వదిలి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. వెలుగు కిటికీది కాదు, చిన్న వత్తిది. దీపం పక్కనున్న చెంప మీద బాగా ప్రకాశించి, భుజం దగ్గరికి వచ్చేసరికే చటుక్కున పడిపోతుంది. వెచ్చటి ఆ వెలుగు పక్కన నీడలు చల్లగా, నీలంగా తోస్తాయి. ఒక ముఖం వేయడం, పదిమందిని ఒక కాన్వాస్ మీద కూర్చడం వేరువేరు విద్యలు. వీటిలో దేనికీ మూడో ప్లాస్టర్ బొమ్మ నేరుగా సాయపడదు. మనిషిని చూసి గీయడం, క్షణంలో భంగిమ పట్టుకోవడం, చూసినదాన్ని గుర్తుంచుకుని గీయడం, కూర్పు, ఇవి కావాలి.

గుర్తుంచుకుని గీయడం గురించి మీ భయం ఉంది కదా, అది మీ ఒక్కరిదే కాదు. 19వ శతాబ్దపు పారిస్‌లోనే ఒరాస్ లెకాక్ ద బువాబోద్రాన్ అనే ఉపాధ్యాయుడు ఈ లోటును గుర్తించి, దృశ్యస్మృతికి ప్రత్యేకంగా సాధన చేయించాడు. శిల్పి రోదాఁ, చిత్రకారుడు ఫాంతాఁ-లాతూర్ ఆయన శిష్యులే. సాధన చాలా మామూలుది: ఒక చిన్న వస్తువును కొద్దిసేపు చూడడం, తిప్పి పెట్టేయడం, జ్ఞాపకం నుంచి గీయడం, ఆ తరువాతే వస్తువుతో పోల్చి దిద్దడం. సాయంత్రం స్టూడియో నుంచి ఇంటికి వచ్చాక ఆ రోజు గీసిన ప్లాస్టర్ బొమ్మనే చూడకుండా అరచేతంత కాగితం మీద గీయండి. మీ చెయ్యి మొద్దుబారలేదు. ఎదురుగా ఏమీ లేనప్పుడు పనిచేయడం దానికి ఎవరూ అలవాటు చేయలేదంతే.

మీ ఉపాధ్యాయుడు చెప్పిన వరస గురించి ఒక మాట. ఫ్లోరెన్స్‌లో ఉండటం వల్ల, మీరు నేర్చుకుంటున్నది లియొనార్డో కాలంనాటి పద్ధతి అన్న భావన సహజంగానే వస్తుంది. కానీ వెరోక్కియో కార్ఖానాలో కుర్రవాడిగా ఉన్న లియొనార్డో గురువు అమ్మకానికి చేస్తున్న పని మీదే చెయ్యి వేశాడు. అక్కడి ఉఫీజీ మ్యూజియంలో ఉన్న 'క్రీస్తు జ్ఞానస్నానం' చిత్రంలో ఎడమ అంచున ఉన్న దేవదూత అతను వేసినదే. వీలైతే ఒకసారి ఈ దృష్టితో వెళ్లి చూడండి. మీరు నేర్చుకుంటున్న వరస అంతకన్నా చాలా తరువాతిది, ప్రధానంగా పారిస్‌ది. మీరు మొదట నకలు గీసిన ఆ అచ్చు నమూనాలు బహుశా ఫ్రెంచ్ చిత్రకారుడు షార్ల్ బార్గ్‌వే అయి ఉంటాయి. పారిస్‌లో పేరున్న చిత్రకారుడు, ఉపాధ్యాయుడు జెరోమ్ సహకారంతో ఆయన తయారుచేసిన 197 లిథో (రాతి అచ్చు) పలకలను గూపిల్ సంస్థ 1866 నుంచి 1871 వరకు ప్రచురించింది. ఏ బడికీ పోకుండా వాన్ గో 1880లో కూర్చుని నకలు గీసుకున్నవీ అవే. జెరోమ్ దగ్గర చదివిన ఫిలదెల్ఫో సీమీ ఆ విద్యను ఇటలీకి తెచ్చాడు. ఆయన కూతురు నెరీనా సీమీ 1987లో చనిపోయేవరకు మీరున్న ఊళ్లోనే ఎన్నో తరాల విద్యార్థులకు పాఠం చెప్పింది. అదే జెరోమ్ దగ్గరి నుంచి అమెరికాకు ఇంకొక పాయ వెళ్లింది. పాక్స్‌టన్, ఆయన శిష్యుడు గమెల్, ఆయన శిష్యుడు రిచర్డ్ లాక్ వరకు వచ్చి, 1969లో మినియాపోలిస్‌లో లాక్ స్టూడియోగా నిలబడింది. ఇప్పుడున్న అటెలియేలలో చాలావాటికి మూలాలు ఈ రెండు సన్నటి పాయల్లోనే ఉన్నాయి.

ఇంత చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఆ పారిస్‌లోనే ఈ వరస మీద ఏకాభిప్రాయం లేదు. కరోలుస్-డ్యూరాన్ తన స్టూడియోలో విద్యార్థుల చేతికి తొందరగా కుంచె ఇచ్చి, మోడల్‌ను చూస్తూ రంగుల ముద్దలతోనే రూపం కట్టమనేవాడు. 1874లో 18 ఏళ్ల వయసులో ఆయన దగ్గర చేరిన అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ అలాగే నేర్చుకున్నాడు, మరోవైపు ప్రభుత్వ కళాశాల ప్రవేశ పరీక్షలో కూడా నెగ్గాడు. కాబట్టి మూడు ప్లాస్టర్ బొమ్మలు పూర్తయ్యాకే రంగు అన్నది ఒక పాఠశాల పెట్టుకున్న నియమం. దాని గురించి ఉపాధ్యాయుడితో మర్యాదగా మాట్లాడవచ్చు, మార్పు అడగవచ్చు. అడిగితే ఏమనుకుంటారో అని మీరు ఇంతవరకు అడగనే లేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

మీ స్నేహితురాలి మాటలో ఒక సగం నిజం. యూరప్ కళాశాలలు ఇరవయ్యో శతాబ్దంలో ఈ శిక్షణను చాలావరకు వదిలేశాయి. కెమెరా మాట మాత్రం తప్పు. రేవులో దీపం వెలుగును ఫోటో తీస్తే వెలుగు ఉన్నచోట తెల్లగా కాలిపోతుంది, నీడలో ముఖాలు నల్లగా మూసుకుపోతాయి. మీ కన్ను రెండింటినీ చూస్తుంది, రెండింటినీ ఒకే చిత్రంలో ఎలా ఇమడ్చాలో నిర్ణయిస్తుంది. ఇక పరాయి విద్య అన్న అభ్యంతరానికి మీ ఊళ్లోనే జవాబుంది. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొంది వచ్చినవారే. 1925లో 27 ఏళ్లకే పోయారు. రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చిత్రాలు చూస్తే, నేర్చిన శిక్షణ కింద ఉండిపోయి పైకి గోదావరి మనుషులే కనిపిస్తారు. రవివర్మకైతే నేర్పేవారే కరువయ్యారు. 1868లో తిరువాన్కూరు కొలువుకు వచ్చిన థియోడర్ జెన్సన్ వేస్తుంటే పక్కన నిలబడి చూసి పట్టుకున్నాడు. మీ స్నేహితురాలు నిజంగా అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ నైపుణ్యంతో ఎవరిని, ఎందుకు వేస్తావు? ఆ ప్రశ్నకు మీ దగ్గర రేవు ఉంది కాబట్టి మీరు కంగారుపడనక్కరలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మొదటిది, మూడేళ్లూ పూర్తిచేయడం. దీనివల్ల దొరికేది చిన్నదేమీ కాదు. రోజూ పూటంతా నిలబడే మోడల్, ఆ మోడల్‌ను నెలల తరబడి ఒకే భంగిమలో వేసే అవకాశం, వెనక నిలబడి తప్పు చూపే శిక్షణ పొందిన కన్ను. ఈ మూడూ ఒకేచోట మన దగ్గర దొరకడం కష్టం, మోడల్ విషయంలో మరీ కష్టం. నష్టం కూడా చిన్నది కాదు. ఇంకా రెండేళ్ల ఫీజు, ఇంటి అద్దె అన్నయ్య నెత్తినే పడతాయి, అదీ ఆయన ఇంట్లో పసిబిడ్డ వచ్చే సమయంలో. ఇటలీ విద్యార్థి పర్మిట్ మీద వారానికి 20 గంటల వరకు పనిచేయనిస్తారు, కానీ పగలంతా స్టూడియోలో నిలబడి, సాయంత్రం ఆ గంటలు కూడా పనిచేస్తే గీత మీద అలసట కనిపిస్తుంది. ఇలాంటి పాఠశాలల్లో మూడేళ్లు పూర్తిచేసినవారిలో కొందరు మళ్లీ ఇలాంటి పాఠశాలల్లోనే బోధించడానికి చేరుతుంటారు. మీకు బోధన మీద ఆసక్తి ఉంటే ఈ దారికి విలువ పెరుగుతుంది. లేకపోతే మూడో ఏడాదిలో అదనంగా వచ్చేది ఆ అప్పుకు తగినదేనా అని గట్టిగా ఆలోచించాలి.

రెండోది, రెండో ఏడాది మాత్రం ఉండి, ఆ ఏడాదిని మీ అవసరానికి తగ్గట్టు మార్చుకోవడం. నా మొగ్గు ఇటువైపే, అయితే ఒక షరతు మీద: పాఠశాల ఒప్పుకోవాలి. రెండో వాయిదా కట్టకముందే వెళ్లి అడగండి. మూడో ప్లాస్టర్ బొమ్మను బొగ్గుతో కాకుండా నేరుగా నూనె రంగులో, తెలుపు నలుపుల మధ్య బూడిద ఛాయలతో వేయనిస్తారా? రోజులో ఒక పూట మోడల్ తరగతికి, ఇంకొక పూట ముఖచిత్రానికి మార్చుకోనిస్తారా? ఏడాది చివర కూర్పు మీద, అంటే ఒకరికంటే ఎక్కువమంది ఉన్న చిత్రం మీద, దిద్దుబాటు ఇస్తారా? డబ్బు పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పండి, సిగ్గుపడవలసింది అందులో లేదు. ఒప్పుకుంటే ఆ ఏడాదిలో మీకు మోడల్, గురువు కన్ను దొరుకుతాయి, మిగతావి ఇంటికి వచ్చి చేసుకోవచ్చు. ఒప్పుకోకపోతే, "మూడో బొమ్మా బొగ్గుతోనే, తరువాత చూద్దాం" అంటే, రెండో వాయిదా కట్టి మళ్లీ ప్లాస్టర్ ముందే నిలబడటానికి కారణం నాకు కనిపించడం లేదు.

నూనె రంగులకు ఆలస్యమైపోయిందన్న మీ బెంగ మాత్రం తగ్గించుకోండి. పదార్థాన్ని వాడటం నేర్చుకోవడానికి కన్నుకు పట్టినంత కాలం పట్టదు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి గట్టిపడుతుంది, నీటి రంగులాగా తడి ఆరడం కాదు. అందుకే కింది పొరలో నూనె తక్కువగా, పై పొరల్లో ఎక్కువగా ఉండాలి, లేకపోతే పైది ముందు గట్టిపడి, కింద ఇంకా కదులుతున్న పొర దాన్ని పగలగొడుతుంది. కింది పొరకు ఉంబర్ అనే మట్టి గోధుమ రంగు వాడితే త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ అనే నలుపు నెమ్మది. జింక్ తెలుపు కాలక్రమేణా పెళుసుబారుతుంది కాబట్టి కింది పొరల్లో దానికి దూరంగా ఉండండి. బూడిద ఛాయల దశ దాటాక నాలుగే రంగులతో, అంటే తెలుపు, పసుపు ఓకర్, ఒక ఎరుపు, నలుపు, ముఖాలు వేయడం మొదలుపెట్టండి. స్వీడన్ చిత్రకారుడు జోర్న్ పేరుతో ఈ నాలుగు రంగుల జట్టును పిలుస్తారు. ఆ నాలుగింటిలో నలుపే నీలంగా పనిచేస్తుందన్నది మీ రేవు చిత్రానికి అచ్చంగా పనికొస్తుంది: వెచ్చటి దీపం చుట్టూ చల్లటి చీకటి వేయడానికి వేరే నీలం అక్కర్లేదు.

మూడోది, ఇప్పుడే వచ్చేయడం. ఇది ఓటమి అని మీ ఉత్తరం ధ్వనిస్తోంది, నేను అలా చూడను. బార్గ్ పలకలు 2003లో పుస్తకంగా మళ్లీ అచ్చయ్యాయి, నకళ్లకు ఫ్లోరెన్స్ అక్కర్లేదు. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది, నల్లటి గుడ్డ, ఒక ప్లాస్టర్ ముఖం ఉంటే మీరు నేర్చిన పద్ధతి ఎక్కడైనా సాగుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బెంజోనీ చెక్కిన 'ముసుగు రెబెక్కా' పాలరాతి శిల్పం ఉంది. అనుమతి తీసుకుని దాని ముందు కూర్చుంటే, ముసుగు కింద కనిపించీ కనిపించని ముక్కు ఏ ప్లాస్టర్ బొమ్మకంటే కఠినమైన పాఠం. మోడల్‌గా నిలబడటానికి బంధువులనో, తెలిసినవారినో గంటకింత అని డబ్బు ఇచ్చే కూర్చోబెట్టండి. ఊరికే అడిగితే రెండో పూట రారు. దొరకనిది గురువు కన్ను. ఫోటోలు పంపి అభిప్రాయం అడగవచ్చు గానీ ఫోన్ కెమెరా నీడలను తనకు తోచినట్టు మార్చేస్తుంది కాబట్టి, మీరు నేర్చుకుంటున్న సూక్ష్మమే అందులో పోతుంది. వేసవిలో కొన్ని వారాల పాటు ఉండే చిన్న కోర్సులు అక్కడి స్టూడియోలు నడుపుతాయి. ఏడాదంతా ఇక్కడ చేసుకుని, డబ్బు కూడినప్పుడు వెళ్లి దిద్దించుకుని రావడం ఈ దారికి జోడించవచ్చు. ఇందులో అసలు ప్రమాదం ఉద్యోగం. వచ్చిన నెలలోనే పాత కంపెనీలో చేరితే, ఆఫీసు అయ్యాక మిగిలిన గంట చిత్రానికి సరిపోదు. కనీసం సగం పూట ఖాళీగా ఉండే పని వెతుక్కోగలిగితేనే ఈ దారి నిలుస్తుంది.

ఇంటికి వచ్చాక వాతావరణం గురించి కొంచెం జాగ్రత్త. జంతువుల జిగురు పూసిన కాన్వాస్ అక్కడ బాగుంటుంది. గోదావరి ఒడ్డున వానాకాలంలో తేమకు వదులై, వేసవిలో బిగిసి, రంగును పగలగొడుతుంది. చెక్కపలక మీద అంటించిన కాన్వాస్ వాడండి. ఆరుతున్న చిత్రాలను బీరువాలో దాచకండి, చీకట్లో అవిసె నూనె పసుపెక్కుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, నీళ్లలో తడిపి మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. రంగు పలచన చేసే టర్పెంటైన్ వాసన వదినకు, పుట్టబోయే బిడ్డకు తగలకూడదు కాబట్టి అన్నయ్య ఇంట్లో గది అడిగే ఆలోచన ఉంటే మానుకోండి.

సంపాదన గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. పోయిన పెద్దల నిలువెత్తు చిత్రాలు నూనె రంగుల్లో వేయించుకునే అలవాటు మన ఊళ్లలో ఒకప్పుడు బాగా ఉండేది. ఆ స్థానాన్ని ఇప్పుడు ఫోటోను పెద్దది చేసి ఇచ్చే డిజిటల్ ప్రింట్ ఆక్రమించింది. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన ముఖానికి డబ్బు పెట్టేవారు ఉన్నారు, తక్కువమందే. మొదటి రెండు మూడేళ్లు దాని మీదే బతుకుతానని అన్నయ్యకు మాట ఇవ్వకండి.

అన్నయ్యతో మాట్లాడడం వాయిదా వేసుకుంటున్నారు, నిజానికి అదే అన్నిటికంటే ముందు జరగవలసింది. ఆయన అప్పు చేసింది మీమీద నమ్మకంతో, మీ పాఠశాల వరస తెలిసి కాదు. కాగితం మీద రాసి పంపండి: ఇంకా ఎన్ని నెలలు, ఎంత డబ్బు, అప్పటికి చేతిలో ఏముంటుంది, అప్పు వాయిదాలు ఎప్పటినుంచి మీరు కడతారు. ఏ దారి ఎంచుకున్నా ఈ నాలుగు విషయాలకు జవాబు ఉండాలి. ఏదైనా ఒకదానికి మీ దగ్గర జవాబు లేకపోతే అదీ రాయండి. డబ్బు ఇచ్చేవారికి అంచనా తప్పినా కోపం రాదు, దాచిపెట్టారని తెలిస్తేనే వస్తుంది. వదిన ప్రశ్నను దెప్పుగా తీసుకున్నారు, నాకు అలా అనిపించలేదు. ఇంతవరకు ఇంట్లోవాళ్లు ఎవరూ మీ పని గురించి అడగలేదు, ఆమె ఒక్కతే అడిగింది. ప్లాస్టర్ ముఖం మొదటి వారం ఎలా ఉంది, అయిదో వారం ఎలా ఉంది, చివరికి ఎలా ఉంది అని మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపండి. నాలుగు అన్న అంకె చెప్పలేనిది అవి చెబుతాయి. అమ్మగారి ఎమ్మెస్ మాటను ఇప్పుడే సరిదిద్దనక్కరలేదు, అది ఆవిడ చుట్టాల మధ్య ఆవిడ వేసుకున్న తెర. కానీ మీరు మాత్రం ఎవరు అడిగినా నేర్చుకుంటున్నది ఏమిటో సూటిగా చెప్పండి. తిరిగి వచ్చాక ఆ ఎమ్మెస్‌కు తగ్గ జీతం ఎక్కడ అని బంధువులు అడిగే రోజు ఒకటి వస్తుంది, అప్పుడు ఇద్దరూ ఒకేసారి అబద్ధంలో ఇరుక్కోకూడదు.

జనవరి లోపు ఇంకొక పని చేయండి. శనివారాలు పొద్దున్నే సంత్ అంబ్రోజో సంతకు వెళ్లి, కూరగాయలు బేరమాడే ఆడవాళ్లను చిన్న పుస్తకంలో పెన్నుతో గీయండి. పెన్నే ఎందుకంటే చెరిపే వీలుండదు, కొలిచే సమయం ఉండదు. మొదట్లో చాలా ఘోరంగా వస్తాయి, వాటిని స్టూడియోలో చూపించనక్కరలేదు. నాలుగైదు వారాల తరువాత వంగిన నడుము, చాచిన చెయ్యి నాలుగు గీతల్లో కుదరడం మొదలైతే, మీ కన్ను కదిలే మనిషిని పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. అప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లి ఉపాధ్యాయుడికి చూపిస్తూ మోడల్ పూట అడగండి. ఆయనకు మీరు ఏం అడుగుతున్నారో మాటల కంటే త్వరగా అర్థమవుతుంది. అదే సంతలో విసుగు పుట్టి, స్టూడియోలో ప్లాస్టర్ ముందు నిలబడితేనే ప్రాణం కుదుటపడుతోందని తేలితే, మీకు నచ్చింది నిశ్చలమైన వస్తువే కావచ్చు. అప్పుడు మూడేళ్ల దారిని మళ్లీ లెక్కవేయాలి, రేవు చిత్రం మాట కూడా అప్పుడే మళ్లీ ఆలోచించుకోవాలి. రెండింటిలో ఏది తేలినా ఫీజు గడువుకు ముందే తేలేలా చూసుకోండి.